గ్రాములు, వాట్లు, మిల్లీసెకన్లు: వీఆర్, ఏఆర్ గేమింగ్ హార్డ్‌వేర్ ఎటు పోతోంది?

కొత్త హెడ్‌సెట్ వస్తోందంటే ముందుగా వినిపించేది రిజల్యూషన్ అంకె. 2016లో వచ్చిన మొదటి తరం ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్‌లలో ఒక్కో కంటికి 1080×1200 పిక్సెళ్లు. 2023 నాటి మెటా క్వెస్ట్ 3లో 2064×2208. 2025 అక్టోబరులో శాంసంగ్ తెచ్చిన గెలాక్సీ ఎక్స్‌ఆర్‌లో 3552×3840. తొమ్మిదేళ్లలో పిక్సెళ్లు పది రెట్లు దాటాయి. తల మీద మోసే బరువు మాత్రం ఏమీ తగ్గలేదు. మొదటి రిఫ్ట్ 470 గ్రాములు, క్వెస్ట్ 3 515 గ్రాములు, గెలాక్సీ ఎక్స్‌ఆర్ 545 గ్రాములు. పైగా ఈ చివరిదాని బ్యాటరీని విడిగా జేబులో పెట్టుకోవాలి.

ఈ రంగం ముందుకు పోయే వేగాన్ని తెర కంటే ఎక్కువగా మూడు పరిమితులు శాసిస్తున్నాయి: ముఖం మోయగల బరువు, చర్మం పక్కనే వదిలించుకోగల వేడి, తల తిప్పిన క్షణం నుంచి బొమ్మ మారేదాకా పట్టే సమయం. వీటితో కొలిచి చూస్తే వీఆర్ హెడ్‌సెట్ (కళ్లను పూర్తిగా కప్పి కల్పిత లోకాన్ని చూపేది), ఏఆర్ కళ్లజోడు (ఎదుటి దృశ్యం మీదే బొమ్మలు వేసేది) ఒకే వస్తువు తాలూకు రెండు దశలు అనే మాట నిలబడదు. రెండూ వేరు వేరు దారుల్లో ఉన్నాయి, ఇప్పట్లో కలిసే సూచనలూ లేవు. ఆటలు మాత్రం చాలాకాలం మొదటిదాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి.

కంటికి ఎన్ని పిక్సెళ్లు కావాలి

చూపు బాగున్న కన్ను ఒక డిగ్రీలో సుమారు 60 పిక్సెళ్లను విడివిడిగా పోల్చుకుంటుంది. క్వెస్ట్ 3 ఇచ్చేది డిగ్రీకి 25. దాని దృష్టి వైశాల్యాన్ని, అంటే 110 డిగ్రీల వెడల్పు, 96 డిగ్రీల ఎత్తును అలాగే ఉంచి 60కి చేరాలంటే ఒక్కో కంటికి 6600×5760, రెండు కళ్లకూ కలిపి 7.6 కోట్ల పిక్సెళ్లు కావాలి. సెకనుకు 90 సార్లు గీస్తే 680 కోట్లు. ఇప్పుడు క్వెస్ట్ 3 తెరలు 90 హెర్ట్జ్ దగ్గర చూపించేది 82 కోట్లు. ఎనిమిది రెట్లకు పైగా పని పెరగాలన్న మాట, అదీ ఫోన్ చిప్ లాంటి దానితో. లెన్స్ మధ్యలోనూ అంచుల్లోనూ సాంద్రత ఒకేలా ఉండదు, లెన్స్ వంపును సరిదిద్దడానికి తెర కంటే పెద్ద బొమ్మ గీయాల్సి వస్తుంది కాబట్టి అసలు అంకెలు అటూ ఇటూ అవుతాయి. కొండ ఎత్తు మాత్రం ఇదే.

ఇంత పనిని చిప్‌ల వేగంతో అందుకోవడం కుదరదు కాబట్టే అందరూ కంటిపాప మీద పడ్డారు. రెటీనాలో సన్నని వివరం పట్టే భాగం దాదాపు 2 డిగ్రీలే. చూపు ఎక్కడుందో కనిపెట్టి అక్కడ మాత్రమే పూర్తి వివరంతో గీసి, మిగతాచోట్ల తగ్గించే పద్ధతిని ఫోవియేటెడ్ రెండరింగ్ అంటారు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్2, ఆ తర్వాత ఆపిల్ విజన్ ప్రో, గెలాక్సీ ఎక్స్‌ఆర్ కంటి కదలికను పట్టే కెమెరాలతో వచ్చాయి. క్వెస్ట్ 3లో అవి లేవు. దానిలో మధ్యభాగం ఎప్పుడూ స్పష్టం, అంచులు ఎప్పుడూ తక్కువ. ఆటగాడు తల తిప్పకుండా కళ్లతో పక్కకు చూస్తే ఆ మసక వెంటనే కంటపడుతుంది.

కంటి ట్రాకింగ్‌కు దానివైన ఇబ్బందులున్నాయి. కంటి చుట్టూ పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ దీపాల మెరుపు కంటిపాప మీద ఎక్కడ పడిందో చిన్న కెమెరాలు చూస్తాయి. లోపల మందపాటి కళ్లద్దాలు ఉంటే ఆ మెరుపులు అద్దం మీద కూడా పడి లెక్క తప్పుతుంది. చెమటకు హెడ్‌సెట్ కొన్ని మిల్లీమీటర్లు కిందకు జారినా మొదట చేసిన కాలిబ్రేషన్ (ఆ కంటికి తగ్గ సర్దుబాటు) చెడుతుంది. కన్ను ఒకచోటి నుంచి మరోచోటికి దూకే వేగం సెకనుకు కొన్ని వందల డిగ్రీలు. ఆ దూకుడు పూర్తయ్యేలోపు కొత్త చోట వివరం సిద్ధం కాకపోతే మసక పట్టుబడుతుంది. అందుకని ఆటలు తయారుచేసేవారు స్పష్టమైన వలయాన్ని 2 డిగ్రీలకు కాక ఎన్నో రెట్లు పెద్దగా ఉంచుకుంటారు, ఆ మేరకు పొదుపు తగ్గుతుంది. ఇంకో సంగతి ప్రకటనల్లో కనపడదు. ఈ పొదుపంతా పిక్సెల్‌కు రంగు వేసే పనిలోనే. ఫిజిక్స్, ఏఐ, డ్రా కాల్స్ (ఏం గీయాలో గ్రాఫిక్స్ చిప్‌కు ఇచ్చే ఆదేశాలు) లాంటి సీపీయూ పని అణువంతైనా తగ్గదు. ఆట సీపీయూ దగ్గర ఇరుక్కుని ఉంటే ఫోవియేషన్ ఆన్ చేసినా ఫ్రేమ్ రేటు కదలదు.

తెర వెలిగే సమయం

రిజల్యూషన్ పెరిగినప్పుడు దానితోపాటే తప్పనిసరిగా మారాల్సిన అంకె ఒకటుంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. ఒక ఫ్రేమ్‌లో పిక్సెల్ ఎంతసేపు వెలిగి ఉంటుందన్నదే అది. దాన్ని పర్సిస్టెన్స్ అంటారు. ఎదురుగా ఉన్న ఒక బోర్డు మీద చూపు నిలిపి, సెకనుకు 100 డిగ్రీల వేగంతో తల తిప్పారనుకుందాం. పిక్సెల్ 2 మిల్లీసెకన్లు వెలిగి ఉంటే ఆ కాస్త సేపట్లో తల 0.2 డిగ్రీలు తిరుగుతుంది. డిగ్రీకి 25 పిక్సెళ్లున్న తెర మీద బొమ్మ 5 పిక్సెళ్ల మేర అలికినట్టు మసకబారుతుంది. డిగ్రీకి 50 ఉన్న తెర మీద అదే సమయానికి 10 పిక్సెళ్లు. అంటే ఎక్కువ డబ్బు పెట్టి కొన్న వివరమంతా తల నిశ్చలంగా ఉన్నంతసేపే. సమయాన్ని అర మిల్లీసెకనుకు దింపితే ఆ మసక పావు వంతవుతుంది, కానీ కంటికి చేరే వెలుతురూ పావు వంతే అవుతుంది.

ఈ వెలుతురు కొరత పాన్‌కేక్ లెన్స్‌తో ఇంకా ముదిరింది. పాత ఫ్రెనెల్ లెన్స్‌కు తెరకూ కంటికీ మధ్య చాలా దూరం కావాలి, దాని గాడుల వల్ల చీకట్లో తెల్ల అక్షరాల చుట్టూ గీతలు పడతాయి. పాన్‌కేక్ లెన్స్ కాంతిని పోలరైజ్ చేసి (ఒకే తీరున కంపించేలా చేసి), సగం అద్దంలాంటి పొర మధ్య వెనక్కీ ముందుకీ మడిచి ఆ దూరాన్ని బాగా తగ్గిస్తుంది, అంచుల దాకా స్పష్టత ఇస్తుంది. మూల్యం ఏమిటంటే, ఆ సగం అద్దాన్ని కాంతి ఒకసారి దాటాలి, ఇంకోసారి దాన్నుంచి ప్రతిఫలించాలి. రెండుసార్లూ సగం పోతుంది కాబట్టి సిద్ధాంతరీత్యానే మిగిలేది 25 శాతం. పోలరైజ్ కాని ఓఎల్‌ఈడీ తెర అయితే మొదట్లోనే ఇంకో సగం పోయి 12.5 శాతం. ఆ లోటును తెర భర్తీ చేయాలి, అంటే ఇంకాస్త కరెంటు, ఇంకాస్త వేడి. నల్లని నేపథ్యంలో మెరిసే వస్తువు పక్కన పల్చని నీడబొమ్మ కనపడితే అది తెర లోపం కాదు, పోలరైజేషన్ పూర్తిగా పట్టని కాంతి నేరుగా బయటికి రావడం. అందుకే మైక్రో ఓఎల్‌ఈడీ (సిలికాన్ చిప్ మీదే కట్టిన చిన్న ఓఎల్‌ఈడీ తెర) వాడే హెడ్‌సెట్‌ను ఎంచేటప్పుడు రిజల్యూషన్‌కు ముందు పర్సిస్టెన్స్ అడగడం మేలు. వేగంగా తల తిప్పే ఆటల్లో పాతకాలపు ఎల్‌సీడీ కొన్నిసార్లు ఖరీదైన తెరకంటే శుభ్రంగా కనపడటానికి కారణం ఇదే.

బరువు ఎంతుందన్నది సగం, ఎక్కడుందన్నది సగం

500 గ్రాముల పెట్టె మెడ ఇరుసుకు 12 సెంటీమీటర్లు ముందు వేలాడుతుంటే మెడ కండరాలు దాన్ని నిరంతరం వెనక్కి లాగి పట్టుకోవాలి. అంతే దూరంలో వెనకవైపు 250 గ్రాములు తగిలిస్తే మొత్తం బరువు 750 అవుతుంది, కానీ ముందుకు లాగే శక్తి సగానికి పడిపోతుంది. ఆపిల్ 2025 అక్టోబరులో ఎం5 చిప్‌తో తెచ్చిన విజన్ ప్రో ఈ లెక్కనే పాటించింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన మొదటిది 600 నుంచి 650 గ్రాములుండగా, కొత్తదాని పట్టీలో టంగ్‌స్టన్ ముక్కలు పెట్టి బరువును 750–800కి పెంచారు. తగ్గించడానికి ఏళ్ల తరబడి పోరాడిన చోట సీసంకన్నా బరువైన లోహాన్ని కావాలని చేర్చడం వింతగా ఉంటుంది గానీ, లెక్క సరైనదే.

వేడి సంగతి ఇంకా మొండిది. క్వెస్ట్ 3 బ్యాటరీ సుమారు 19 వాట్ అవర్లు, కంపెనీ చెప్పే సగటు వాడకం 2.2 గంటలు. భాగించి చూస్తే 8.6 వాట్లు. ఇందులో కంటికి చేరే కాంతి లెక్కలోకి రానంత కొద్ది, మిగతాదంతా నుదుటికి నాలుగు వేళ్ల దూరంలో పుట్టే వేడి. చిప్ శక్తిని రెండింతలు చేయాలంటే ఫ్యాన్ పెరగాలి, బ్యాటరీ పెరగాలి. లిథియం సెల్ కిలోకు 250 వాట్ అవర్లు ఇస్తుందనుకుంటే ఇంకో 19 వాట్ అవర్లకు 76 గ్రాములు కలపాలి. ప్రతి కొత్త తరం చిప్ ఇచ్చిన లాభాన్ని పిక్సెళ్లు మింగేస్తున్నాయి, బరువు అందుకే అక్కడే ఆగిపోయింది.

వాడకంలో ఈ వేడి ఎలా బయటపడుతుందంటే, ఆట మొదలైన పది నిమిషాలు సాఫీగా నడిచి, అరగంటకు కుదుపులు మొదలవుతాయి. చిప్ తన గడియారాన్ని తగ్గించుకుంటుంది, ఫ్రేములు తప్పుతాయి. ఛార్జింగ్ తీగ పెట్టి ఆడితే బ్యాటరీ వేడి కూడా తోడవుతుంది. పైన గాలి వెళ్లే సందులను జుట్టు, టోపీ మూయకుండా చూసుకోవడం, రిఫ్రెష్ రేటును 120 నుంచి 90కి దించడం, ఈ రెండిటితోనే చాలావరకు చక్కబడుతుంది.

బరువూ వేడీ ముఖం నుంచి దిగిపోవాలంటే ఉన్న దారులు కొన్నే. ఆపిల్, శాంసంగ్ బ్యాటరీని మాత్రమే జేబులోకి దించి, చిప్‌ను ముఖం మీదే ఉంచాయి. ఇది సగం పరిష్కారం. బిగ్‌స్క్రీన్ బియాండ్ 2 చిప్‌నూ బ్యాటరీనీ రెండిటినీ వదిలేసి 107 గ్రాములకు దిగింది, కానీ తీగతో పీసీకి కట్టేసి ఉంటుంది, గదిలో బేస్ స్టేషన్లు (హెడ్‌సెట్ ఎక్కడుందో పట్టడానికి తోడ్పడే పెట్టెలు) బిగించాలి. మూడో దారి వైర్‌లెస్ స్ట్రీమింగ్. వాల్వ్ 2025 నవంబరులో ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ దీన్ని ముందుపెట్టుకుంది. మొత్తం 440 గ్రాములు, బ్యాటరీ తల వెనక, లోపల స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 చిప్ ఉన్నా భారీ ఆటలకు పీసీయే ఆధారం. అందులో కంటి ట్రాకింగ్‌ను వాడిన తీరు తెలివైనది. చూపు ఉన్న చోటికి వీడియో బిట్లు ఎక్కువగా, మిగతాచోట్లకు తక్కువగా పంపుతారు. ఫోవియేటెడ్ రెండరింగ్‌కు ఆట తయారుచేసినవారి సహకారం కావాలి. ఈ ఫోవియేటెడ్ స్ట్రీమింగ్‌కు అక్కర్లేదు, పాత ఆటకూ పనిచేస్తుంది. వీఆర్ గేమింగ్‌కు వచ్చే అయిదేళ్లలో ఎక్కువ మేలు చేసేది ఇదేనని అనిపిస్తుంది.

స్ట్రీమింగ్ ఎక్కడ చెడుతుంది

గాలిలో బొమ్మ పంపడం ఇప్పుడున్న హెడ్‌సెట్‌లతోనే బాగా పనిచేస్తుంది, అమరిక సరిగ్గా ఉంటే. పీసీ నుంచి రౌటర్‌కు గిగాబిట్ ఈథర్‌నెట్ తీగ ఉండి తీరాలి. పీసీ కూడా వైఫైలోనే ఉంటే ప్రతి ప్యాకెట్ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. రౌటర్ ఆడే గదిలోనే, కంటికి కనపడేచోట ఉండాలి. 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ ఛానల్ చాలు. 6 గిగాహెర్ట్జ్ సౌకర్యముంటే 160 మెగాహెర్ట్జ్ వాడవచ్చు, ఇరుగుపొరుగు వైఫైల గోల అక్కడ తక్కువ. గోడ అడ్డొస్తే మాత్రం 6 గిగాహెర్ట్జ్ త్వరగా నీరసిస్తుంది.

బిట్‌రేటును సెకనుకు 100 మెగాబిట్ల దగ్గర మొదలుపెట్టి, చిక్కులు లేకపోతే 150, 200 అంటూ పెంచుకుంటూ పోవాలి. నేరుగా గరిష్ఠానికి పెడితే హెడ్‌సెట్‌లోని డీకోడర్ (వచ్చిన వీడియోను విప్పే భాగం) వెనకబడి ఆలస్యం పేరుకుపోతుంది. గ్రాఫిక్స్ కార్డును 100 శాతం దాకా వాడేసినా ఇదే గతి, ఎన్‌కోడింగ్‌కు, అంటే బొమ్మను వీడియోగా కుదించడానికి, వంతు దొరకదు. పదో పదిహేనో శాతం ఖాళీ ఉండేలా ఆట సెట్టింగులు దించాలి.

లక్షణాన్ని బట్టి జబ్బును పట్టుకోవచ్చు. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగితే ప్యాకెట్లు పోతున్నాయి. చాలాసేపు బాగా నడిచి ఒక్కసారిగా కొన్ని సెకన్లు తెగిపోతే, రౌటర్ రాడార్లతో పంచుకునే ఛానల్‌లో ఉండి, ఏదో రాడార్ సంకేతం విన్నాననుకుని ఛానల్ మార్చుకుందేమో చూడాలి. కింద 36 నుంచి 48 వరకున్న ఛానళ్లకు మారితే ఆ బెడద ఉండదు. తల తిప్పితే అంతా సాఫీగా ఉండి, చేతులు మాత్రం ఈదుతున్నట్టు వెనకబడి వస్తుంటే ఫ్రేములు ఆలస్యంగా చేరుతున్నాయి. హెడ్‌సెట్ చివరి క్షణంలో బొమ్మను తల తిరిగిన మేరకు జరిపి సర్దేస్తుంది, దీన్ని రీప్రొజెక్షన్ అంటారు. ఆ సర్దుబాటు తలకే, చేతులకు కాదు. అందుకే ఆలస్యం ముందుగా కంట్రోలర్ల దగ్గర దొరికిపోతుంది. పాటల లయకు కత్తి తిప్పే బీట్ సేబర్‌ను స్ట్రీమింగ్‌లో కాక హెడ్‌సెట్‌లోనే ఆడేవారికి ఉన్న కారణం ఇది. విమానాలు నడిపే సిమ్యులేటర్లలో ఈ తేడా దాదాపు తెలియదు.

తల కదలిక నుంచి బొమ్మ మారేదాకా 20 మిల్లీసెకన్లు దాటకూడదన్నది ఈ రంగంలో పాత కొలమానం. 90 హెర్ట్జ్‌లో ఒక్క ఫ్రేమ్‌కే 11.1 మిల్లీసెకన్లు పోతాయి, 72లో 13.9, 120లో 8.3. రీప్రొజెక్షన్ లేకపోతే స్ట్రీమింగ్ ఈ పరీక్షలో నెగ్గదు. రీప్రొజెక్షన్ తల తిరగడాన్ని బాగా కప్పిపుచ్చుతుంది, ముందుకు వంగడాన్ని, పక్కకు జరగడాన్ని అంత బాగా కప్పలేదు. దగ్గరి వస్తువు వెనక ఏముందో ఆ ఫ్రేమ్‌లో గీసి ఉండదు కదా, అక్కడ బొమ్మ సాగిపోతుంది.

కడుపులో తిప్పడం హార్డ్‌వేర్ ఒక్కటే తీర్చేది కాదు

ఫ్రేములన్నీ సమయానికి వచ్చినా కొందరికి వికారం తప్పదు. కన్ను పరిగెత్తుతున్నామంటుంది, లోపలి చెవి నిలబడే ఉన్నామంటుంది. ఈ పేచీని ఏ తెరా పరిష్కరించలేదు, ఆట రూపకల్పనే చేయాలి. బీట్ సేబర్‌లో ఆటగాడు కదలడు, దిమ్మెలే వచ్చి మీద పడతాయి. గొరిల్లా ట్యాగ్‌లో చేతులతో నేలను తోసుకుంటూ కదలాలి, ఆ శ్రమ మెదడును కొంత ఒప్పిస్తుంది. 2020 మార్చిలో వచ్చిన హాఫ్-లైఫ్: అలిక్స్ ఎగిరి దిగే టెలిపోర్ట్ నుంచి నిరంతర నడక దాకా అన్ని పద్ధతులనూ ఇచ్చి ఎంపిక ఆటగాడికి వదిలేసింది.

కొత్తవారు పాటించాల్సిన వరస తేలికే. ముందు కంటిపాపల మధ్య దూరాన్ని, అంటే ఐపీడీని, అద్దాల దుకాణంలో కొలిపించుకున్న అంకె ప్రకారం సర్దుకోవాలి. అది తప్పితే ఏ ఆటలోనైనా కళ్లు లాగుతాయి. టెలిపోర్ట్‌తో, 30 లేదా 45 డిగ్రీల కుదుపు మలుపులతో మొదలుపెట్టాలి. కదిలేటప్పుడు అంచులు చీకటయ్యే విన్యెట్‌ను ఆన్‌లో ఉంచాలి. 15 నిమిషాలకు మించకుండా, ఒళ్లు వెచ్చబడటం మొదలైన వెంటనే ఆపేయాలి. ఓర్చుకుని కొనసాగిస్తే అలవాటవుతుందనేది తప్పు, మెదడు హెడ్‌సెట్‌నే వికారంతో ముడిపెట్టుకుంటుంది. ఎదురుగా ఫ్యాన్ పెట్టుకోవడం చిన్న చిట్కాలా ఉంటుంది గానీ, ముఖానికి తగిలే గాలి అసలు దిక్కు ఎటో గుర్తుచేస్తూ ఉంటుంది.

ఇంకా తీరని సమస్య ఫోకస్‌ది. హెడ్‌సెట్‌లో ఏ వస్తువైనా కంటి కటకానికి మీటరున్నర, రెండు మీటర్ల దూరంలోనే ఉన్నట్టు లెక్క. అరచేతిలో పెట్టుకున్న బొమ్మ మీద రెండు కళ్ల చూపు 30 సెంటీమీటర్ల దగ్గర కలుస్తుంది, ఫోకస్ మాత్రం మీటరున్నర దగ్గర ఉండాలి. అందుకే మెనూలను, చదవాల్సిన అక్షరాలను 1 నుంచి 2 మీటర్ల దూరంలో పెట్టడం, అర మీటరు కంటే దగ్గర ఏదీ ఎక్కువసేపు చూపించకపోవడం డెవలపర్ల అలవాటు. చూపును బట్టి ఫోకస్ మార్చే వెరిఫోకల్ నమూనాలను మెటా పరిశోధన విభాగం బయటపెట్టింది, అవి నమూనాలుగానే ఉన్నాయి. కదిలే భాగాలు, మోటార్లు, తప్పుపట్టని కంటి ట్రాకింగ్, ఇవన్నీ చేరితే మళ్లీ గ్రాముల దగ్గరికే వస్తాం.

కళ్లజోడులో ఆట ఎందుకు ఇరుకు

ఏఆర్ కళ్లజోడు పారదర్శకం. అందులో వెలుతురును కలపగలం గానీ తీసేయలేం, నలుపు రంగు గీయడం అసాధ్యం. మేజిక్ లీప్ 2లో కొంత భాగాన్ని నల్లబరిచే పొర ఉంది, దాని అంచులు మసకగానే వస్తాయి. ఆరుబయట ఎండ పడ్డ తెల్లగోడ వెలుగు 10,000 నిట్లు (నిట్ అంటే వెలుగు కొలత) సులువుగా దాటుతుంది. దాని మీద 5,000 నిట్ల బొమ్మను వేస్తే గోడతో పోల్చినప్పుడు ఒకటిన్నర రెట్లు, అంతే. అక్షరాలు చదవచ్చు, గుహలో దాక్కున్న రాక్షసుడిని చూపించలేం.

ఆ 5,000 నిట్లు రప్పించడమే గొప్ప. అద్దం లోపల కాంతిని గోడలకు తాకిస్తూ నడిపి కంటి ముందు బయటికి వదిలే వేవ్‌గైడ్‌లలో, చాలా డిజైన్లలో, చివరికి చేరేది నూటికి ఒక వంతు చుట్టూ ఉంటుంది. 2025 సెప్టెంబరులో అమ్మకానికి వచ్చిన మెటా రే-బాన్ డిస్‌ప్లే 69 గ్రాముల్లో దీన్ని సాధించింది. అందుకు వదులుకున్నవి చూడండి: తెర కుడికంటికే, వైశాల్యం మూల నుంచి మూలకు 20 డిగ్రీలే, 600×600 పిక్సెళ్లే. డిగ్రీకి 42 పిక్సెళ్లు రావడంతో అక్షరాలు క్వెస్ట్ 3 కంటే స్పష్టంగా ఉంటాయి, కానీ ఒక్క కంటితో లోతు ఉండదు. ఆ కంపెనీయే 2024 సెప్టెంబరులో చూపించిన ఓరియన్ నమూనా రెండు కళ్లకూ 70 డిగ్రీలిచ్చింది. సిలికాన్ కార్బైడ్ అద్దం వక్రీభవన గుణకం మామూలు గాజుకంటే చాలా ఎక్కువ కావడం వల్లనే అది కుదిరింది. అంత ఖరీదైన అద్దంతో దాన్ని అమ్మకానికి పెట్టలేదు. పైగా పెద్ద లెక్కలన్నీ జేబులోని పెట్టెలో జరిగాయి. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 ఈ మధ్యరకంలో ఇరుక్కుని, 2024లో ఉత్పత్తి ఆగిపోయింది.

వాట్ల లెక్క ఇంకా కఠినం. కళ్లజోడు కాళ్లలో పట్టే బ్యాటరీ ఒక వాట్ అవర్ చుట్టూ ఉంటుంది. హెడ్‌సెట్ లాగా 8 వాట్లు లాగితే అది ఏడెనిమిది నిమిషాల్లో ఖాళీ, దానికంటే ముందే కణత కాలుతుంది. గదిని నిరంతరం స్కాన్ చేసే కెమెరాలను రోజంతా నడిపే శక్తి లేదు, అవి లేకుండా వస్తువును బల్ల మీద కదలకుండా నిలపలేం. కాబట్టి దగ్గరి భవిష్యత్తులో కళ్లజోడులో ఆడగలిగేది వంతులవారీ ఆటలు, దారిచూపే ఆటలు, క్విజ్‌లు. రే-బాన్ డిస్‌ప్లేతో వచ్చే మణికట్టు పట్టీ కండరాల విద్యుత్ సంకేతాలను చదివి వేళ్ల కదలికను పట్టే తీరు మాత్రం నిజంగా కొత్తది, అది హెడ్‌సెట్‌లకూ రావచ్చు. 2016లో పోకెమాన్ గో ఆడినవారిలో చాలామంది బ్యాటరీ కోసం, సులువు కోసం ఏఆర్ కెమెరాను ఆపేసే ఆడారు. ఏఆర్ ఆటలకు ఊతమిచ్చింది మ్యాపు, ఊళ్లో తిరగడం. ఆ ఆట నిలిచింది బొమ్మ గడ్డి మీద నిలబడటం వల్ల కాదు.

గదిలో కలిసే ఆటలు కావాలంటే ప్రస్తుతానికి పాస్‌త్రూ హెడ్‌సెట్‌లే దిక్కు. కెమెరాతో చూపించే గది కాబట్టి నలుపు గీయవచ్చు, గోడను కూల్చినట్టు చూపించవచ్చు. క్వెస్ట్ 3 పాస్‌త్రూ డిగ్రీకి 18 పిక్సెళ్లు, పగటి వెలుతురులో ఫర్వాలేదు. దీపం తగ్గితే రేణువులు కమ్ముతాయి, ట్రాకింగ్ కూడా సడలుతుంది. కెమెరాలు కళ్లున్న చోట ఉండవు కాబట్టి ముఖానికి దగ్గరగా తెచ్చిన చెయ్యి వంకర్లు పోతుంది. అద్దాలు, గాజు తలుపులు గది కొలతను చెడగొడతాయి. గది నిండా వెలుతురు కావాలి కదా అని కిటికీ పక్కన మాత్రం హెడ్‌సెట్‌ను లెన్స్ పైకి ఉండేలా పెట్టకూడదు. సూర్యకాంతి లెన్స్ గుండా తెర మీద ఒక చుక్కగా చేరి, కాసేపట్లోనే శాశ్వతమైన మచ్చ మిగులుస్తుంది. దానికి మరమ్మతు లేదు.

డబ్బు ఎవరు పెడుతున్నారు

ఇన్నాళ్లూ హెడ్‌సెట్ ధరను తక్కువగా ఉంచింది మెటా నష్టాలు. దాని రియాలిటీ ల్యాబ్స్ విభాగం 2024 ఒక్క ఏడాదిలోనే 1,770 కోట్ల డాలర్ల నిర్వహణ నష్టం చూపింది. క్వెస్ట్ 3ఎస్‌ను 299 డాలర్లకు అమ్మగలిగింది ఈ వెన్నుదన్నుతోనే. పెద్ద ఆటలకూ అదే పెట్టుబడి పెట్టింది. ఆ నీరు తగ్గినప్పుడు ఏమవుతుందో ఇప్పటికే కనపడింది. ఎకో వీఆర్ అనే ఆటను 2023 ఆగస్టు 1న మూసేశారు, దాన్ని తయారుచేసిన రెడీ ఎట్ డాన్ స్టూడియో 2024లో మూతపడింది. మరోవైపు ఉచితంగా దొరికే గొరిల్లా ట్యాగ్ లాంటి ఆటల్లో పిల్లలు గంటలు గడుపుతున్నారు. ఒకప్పుడు 30, 40 డాలర్లు పెట్టి ఒంటరి కథా ఆట కొనేవారికీ ఈ పిల్లలకూ అభిరుచి పొంతన లేదు, స్టూడియోలు ఎవరికోసం తీయాలో తేల్చుకోలేకపోతున్నాయి.

హార్డ్‌వేర్ ఆయుష్షు సాఫ్ట్‌వేర్ చేతిలో ఉందన్న పాఠం విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ (విండోస్‌లోని వీఆర్ వేదిక) హెడ్‌సెట్‌లు కొన్నవారికి బాగా తెలుసు. విండోస్ 11 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేయడంతో, పాడవని హెడ్‌సెట్‌లు ఆ నవీకరణతో పనికిరాకుండా పోయాయి. 2019లో 1.0 రూపం తీసుకున్న ఓపెన్ఎక్స్‌ఆర్ ప్రమాణం ఆటలను ఒక కంపెనీకి కట్టేయకుండా కాపాడుతోంది, హెడ్‌సెట్ డ్రైవర్ సంగతి అది చూడదు. కొనేముందు ఓపెన్ఎక్స్‌ఆర్ ఉందా, పీసీ స్ట్రీమింగ్‌కు ఇతరుల యాప్‌లను అనుమతిస్తారా, ముఖానికి తగిలే ప్యాడ్, కంట్రోలర్, పట్టీ విడిగా దొరుకుతాయా అని చూసుకోవడం రిజల్యూషన్ కంటే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఇప్పుడు కొత్తగా ఆట మొదలుపెట్టే చిన్న స్టూడియో ముందున్న సురక్షితమైన లక్ష్యం క్వెస్ట్ 3ఎస్ స్థాయి చిప్ మీద సెకనుకు 72 ఫ్రేములు తప్పకుండా నిలపడం, ఓపెన్ఎక్స్‌ఆర్ మీద కట్టడం, చేతులతోనూ కంట్రోలర్‌తోనూ ఆడగలిగేలా ఉంచడం. ఆండ్రాయిడ్ ఎక్స్‌ఆర్‌కు (గెలాక్సీ ఎక్స్‌ఆర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్), స్టీమ్ ఫ్రేమ్‌కు తీసుకెళ్లడం అప్పుడు నెలల పని కాకుండా వారాల పని అవుతుంది. ఆటంతా ఫ్లాట్ స్క్రీన్ మీద కూడా నడిచేలా తీయడం ఇంకో మార్గం. విమాన, కారు సిమ్యులేటర్లు ఎప్పటినుంచో ఇలాగే బతుకుతున్నాయి, వాటి ఆటగాళ్లు కూర్చునే ఆడతారు, పీసీ ఎలాగూ పక్కనే ఉంటుంది, తీగ అడ్డం అనిపించదు.